పార్క్ కాలంలో కుట్టుమిషన్ల దగ్గర

సంపాదకుడు గారికి,

ఎన్నికలొస్తే చాలు, మా రాయదుర్గం టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అంటారు: "కొరియాకు దొరికినట్టు మనకూ ఓ మిలటరీవాడు దొరకాలబ్బా!" పెనుకొండకు కొరియా వాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. వాళ్లు చెప్పేది దక్షిణ కొరియాను ఏలిన సైనికాధికారి పార్క్ చుంగ్ హీ గురించి. 1961 మే 16న సైన్యంతో వచ్చి గద్దెనెక్కాడు. 1979లో సొంత గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపేదాకా దిగలేదు.

ఆయన చేసింది తక్కువేం కాదు. సియోల్ నుంచి బుసాన్‌కు 428 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే రెండున్నరేళ్లలో వేయించాడు. ఆకలి రోజులు చూసిన ముసలివాళ్లు ఆయన పేరు చెబితే దండం పెడతారంటే నాకు వింతేం కాదు.

కానీ నేను ముప్పై ఏళ్లుగా జీన్స్ కటింగ్ మాస్టర్‌ని. ఆ రోడ్డు తెరిచిన 1970లోనే, నవంబరు 13న, సియోల్ పీస్ మార్కెట్లో నాలాంటి కటింగ్ మాస్టరే, 22 ఏళ్ల చోన్ తే ఇల్, ఒంటికి నిప్పంటించుకున్నాడు. అక్కడ గదికి అడ్డంగా అటక కట్టి, లేచి నిలబడితే తల తగిలే చోట, పదిహేనేళ్లయినా నిండని ఆడపిల్లల చేత రోజుకు 14 గంటలు పని చేయించేవాళ్లు. గుడ్డల దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యేవి. (జీన్స్ కోసిన రోజు ముక్కు చీదితే నీలంగా వస్తుంది. ఆ దుమ్ము సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.) చోన్ తన బస్సు డబ్బులు పెట్టి ఆ పిల్లలకు తినడానికేదో కొనిచ్చి, తను ఇంటికి నడిచిపోయేవాడట. అడిగింది కొత్త చట్టం కూడా కాదు. 1953 నుంచీ పుస్తకంలో ఉన్న కార్మిక చట్టాన్ని అమలు చేయమన్నాడు, అంతే.

పార్క్ ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర చేశారన్న కేసులో 1975 ఏప్రిల్లో ఎనిమిది మందికి సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేస్తే, మర్నాడు తెల్లారేలోపే వేసేశారు. 2007లో అదే కేసు మళ్లీ విచారించి, వాళ్లు నిర్దోషులన్నారు. వాళ్లలో డేగు నగర ప్రాంతం వాళ్లున్నారు. ఆ డేగులోనే, రైల్వేస్టేషన్ ముందు, 2024 డిసెంబరులో పార్క్ వరి కోస్తున్నట్టు విగ్రహం పెట్టారు. ఒకవైపు చప్పట్లు, ఇంకోవైపు నిరసనలు.

మీ పత్రికలో కొరియా ప్రగతి మీద వ్యాసం వేసేటప్పుడు ఒక్క పని చేయండి. చనిపోయిన కొడుకు ఫొటోను గుండెలకు హత్తుకుని ఏడుస్తున్న చోన్ తల్లి ఫొటో ఒకటుంది. ఎక్స్‌ప్రెస్‌వే బొమ్మ పక్కనే అదీ వేయండి. మా టీకొట్టుకు వచ్చేది మీ పేపరే.

— ఒక కటింగ్ మాస్టర్, రాయదుర్గం, అనంతపురం జిల్లా