స్టాఫ్ రూములో టీ గ్లాసులు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, సెలవుల జాబితా, బస్సు వేళల మార్పు వెనుక పేజీలో ఉన్నాయి. ఈ నెల ముందు పేజీని టీ కప్పులకు ఇచ్చాను. నవ్వుకోకండి.

ఆగస్టులో ఏడో తరగతి పిల్లలు ప్రాజెక్టు కోసం బడిలోని చెత్తబుట్టలన్నీ కింద పోసి లెక్కపెట్టారు. తరగతి గదుల్లో దొరికేవి మనకు తెలిసినవే: పెన్సిలు పొట్టు, చాక్లెట్ కాగితాలు, చించేసిన నోటు పేజీలు. కానీ అన్నిటికంటే ఎక్కువ చెత్త వచ్చిన గది పేరు బోర్డు మీద రాసి నన్ను పిలిచారు. అది స్టాఫ్ రూము. ఆ ఒక్కరోజే 91 పేపరు కప్పులు. "మేడం, మమ్మల్ని ప్లాస్టిక్ సీసాలు తేవద్దంటారు కదా..." అని ఒక పాప మొదలుపెట్టి ఆగిపోయింది. మిగతా ప్రశ్న అడగకుండా నా ముఖంలోకే చూసింది.

బోధనేతర సిబ్బందితో కలిపి మేము 43 మందిమి. పొద్దున ఇంటర్వెల్‌లో ఒకసారి, మూడు గంటలకు ఒకసారి టీ. అంటే రోజుకు 86 కప్పులు, అతిథులవి అదనం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. హెచ్చవేస్తే 18,920. లెక్కలో ఎక్కడైనా తప్పు దొర్లిందేమోనని రెండుసార్లు చేసి చూశాను. దొర్లలేదు.

ఈ కప్పులు మా దగ్గరికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 2020కి ముందు మాకు స్టీలు గ్లాసులే ఉండేవి. కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకోవడానికి భయపడ్డాం, అందులో తప్పు లేదు. భయం పోయింది, కప్పులు మాత్రం ఉండిపోయాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, స్ట్రాలు, చెంచాలు నిషేధించినప్పుడు ఆ జాబితాలో పేపరు కప్పు లేదు. ఇక మాకు ధీమా వచ్చింది, 'కాగితమే కదా' అని.

కాదని సైన్సు టీచరు చూపించారు. వాడిన కప్పులు నాలుగింటిని బకెట్ నీళ్లలో వేసి రెండు రోజులు నానబెట్టారు. మూడో రోజు పిల్లలు వేళ్లతో రుద్దితే కాగితం ముద్దముద్దగా ఊడివచ్చింది. చివరకు చేతిలో మిగిలింది పాము కుబుసంలాంటి పల్చని పొర. వెలుతురుకు పట్టుకుంటే అవతలి ముఖాలు కనిపిస్తున్నాయి. టీ కారిపోకుండా కప్పు లోపల అతికించే పాలిథిన్ అది. ఆ పొరను వేరు చేయగల యంత్రాలు కొన్ని మిల్లుల్లో ఉన్నాయి, కానీ అక్కడికి చేరాలంటే కప్పులను విడిగా, శుభ్రంగా, పెద్ద మొత్తంలో పోగుచేయాలి. మన బడికి వచ్చే పాత పేపర్లు కొనే అతను పాత నోటుపుస్తకాలు, అట్టపెట్టెలు చకచకా తూకం వేసుకుని కప్పుల సంచిని మాత్రం కాలితో పక్కకు జరిపాడు. "ఇవి ఎవరూ తీసుకోరమ్మా, పాల వాసన" అన్నాడు. ముందు నేను 'కప్పులకు వేరే బుట్ట' అని ఒక బోర్డు రాయించాలనుకున్నాను. ఆ ఆలోచన ఆ రోజే మానుకున్నాను.

ఆరోగ్యం సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో 85-90 డిగ్రీల వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు పేపరు కప్పులో 15 నిమిషాలు ఉంచి చూస్తే, సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీటిలోకి చేరాయి. మేము టీ ముందు పెట్టుకుని పేపర్లు దిద్దుకుంటూ అంతసేపు కూర్చునేవాళ్లమే.

సరే, గ్లాసులు తెద్దామన్నారు అందరూ. అసలు చిక్కు అక్కడ మొదలైంది: కడిగేది ఎవరు? 86 గ్లాసులు రోజూ కడగమని ఆయమ్మలకు చెప్పేస్తే మన చెత్త తగ్గుతుంది, వాళ్ల నడుము విరుగుతుంది. నిజానికి అన్ని ఆఫీసుల్లోనూ పేపరు కప్పు ఇంతగా నిలిచిపోవడానికి కారణం ఇదే అని నా అనుమానం. అందుకని తాగినవాళ్లే కడగాలని తీర్మానించాం, నాతో సహా. సాయంత్రం ఒక్కసారి అన్నిటినీ వేడినీళ్లలో ముంచి తీసే పని వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నాం.

స్టీలు అంచు పెదవికి కాలుతుందని తెలుగు మాస్టారు అభ్యంతరం చెప్పడంతో టీ కొట్లలో వాడే గాడుల గాజు గ్లాసులు 60 కొన్నాం. రెండు నెలల కప్పుల డబ్బు కూడా కాలేదు. ఇప్పటికి ఐదు పగిలాయి, వాటిలో రెండు నా చేతిలోనే. టీని కవరులో పోసి రబ్బరు బ్యాండు బిగించి తేవడం కూడా మానిపించాం, ఇప్పుడు మన ఫ్లాస్కే కొట్టుకు వెళ్తుంది.

గ్లాసుల మీద పేర్లు రాద్దామని ఒకరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. మా ఊరి హోటల్లో కొందరి గ్లాసులు బయట చూరు కింద విడిగా ఉండేవి, రెండు గ్లాసుల పద్ధతి అనేవారు. అది చూస్తూ పెరిగినదాన్ని. పేర్లతో మొదలైతే ఎవరి గ్లాసు ఎక్కడ ఉండాలో తర్వాత ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. అందుకే బస్సు డ్రైవర్లు, ఆయమ్మలు, టీచర్లు, నేను, అందరి గ్లాసులూ ఒకే అరలో, గుర్తు లేకుండా ఉన్నాయి. చేతికి ఏది వస్తే అది.

ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాలను రఫ్ పుస్తకాలుగా కుట్టించడం కూడా మొదలుపెట్టాం. అది బాగానే సాగుతోంది, చెప్పుకోవలసినంత కథ లేదు.

మిమ్మల్ని కోరేవి రెండు. పిల్లల పుట్టినరోజుకు తరగతిలో జ్యూసు పంచాలనుకుంటే కప్పులు పంపకండి, గ్లాసులు మేమే ఇస్తాం. అలాగే మీలో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ఒకరోజు సాయంత్రం మీ గదిలోని బుట్టను మీరే లెక్కపెట్టి చూడండి. గ్లాసులు కొనే ముందు సింకు ఎక్కడుందో, కడిగేది ఎవరో తేల్చుకోండి. మేము అది తర్వాత ఆలోచించి రెండు వారాలు గొడవపడ్డాం.

వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశంలో మీకు కూడా టీ గాజు గ్లాసులోనే ఇస్తాం. వరండాలో కుళాయి పక్కన సబ్బు, పీచు పెట్టి ఉంటాయి.

స్టాఫ్ రూము బుట్టను ఫిబ్రవరిలో మళ్లీ లెక్కపెడతామని ఏడో తరగతి పిల్లలు నోటీసు అంటించారు. ఏ రోజో మాత్రం చెప్పరట.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు