ఐనవోలు: మన ఊరి సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈసారి నివేదికలో సగం మన ఊళ్లోని విట్ యూనివర్సిటీ పిల్లల గురించే. 2015లో రాజధాని అమరావతి కోసం పొలాలు ప్రభుత్వానికి పూలింగ్‌కి ఇచ్చాం, 2017లో యూనివర్సిటీ మొదలైంది. రాజధానితో పాటు ఇదొకటి వచ్చిందిలే అనుకున్నాం. 2019 తర్వాత రాజధాని పనులు కొన్నేళ్లు ఆగిపోయినా పిల్లలు మాత్రం, కరోనా రోజులు తప్ప, ఏటా దిగుతూనే ఉన్నారు. పూలింగ్ పొలాలకి ప్రభుత్వం ఏటా ఇచ్చే, ఎకరాకు 30 వేలతో మొదలైన మెట్ట కౌలు ఎప్పుడు పడుతుందా అని టెన్షన్ పడ్డ ఇళ్లలో కొన్నిటికి పైపోర్షన్ అద్దే ఆసరా అయింది, కాదనలేం.

అయితే మనం పెద్దగా మాట్లాడుకోనిది ఒకటుంది. పత్తితీతకీ మిరప కోతకీ ఆడవాళ్లు ముఠాలుగా వెళ్లేవారు కదా, ఎవరికి చేబదులు కావాలో, ఎవరి పిల్లకి సంబంధం చూస్తున్నారో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవట్లేదో అన్నీ ఆ చేలల్లోనే తేలేవి. ఇప్పుడు వాళ్లలో చాలామంది హాస్టళ్లలో, మెస్సుల్లో పనిచేస్తున్నారు. ఒకరిది తెల్లవారుజాము షిఫ్టు, ఇంకొకరిది రాత్రిది, పక్కపక్క ఇళ్లలో ఉండీ వారానికోసారి కలిస్తే గొప్ప. పొదుపు మీటింగుకి నలుగురే వచ్చిన రోజున మాకు తలకెక్కింది. మీటింగుని ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, రామాలయం అరుగు మీదికి మార్చాం. ఇప్పుడు అరుగు చాలట్లేదు. ఖర్చు టీ డబ్బులే.

అర్ధరాత్రి బైకుల మోత మీద మూడుసార్లు కూర్చున్నాం. తప్పంతా స్టూడెంట్లదే అని మొదలుపెట్టాం, తీరా చూస్తే అందులో ఇద్దరు మన కుర్రాళ్లే! ఇంకోమాట, రెండు నెలల అడ్వాన్సు పుచ్చుకునే దగ్గర లేని పట్టింపు, ఇల్లు చూడ్డానికి వచ్చిన పిల్లాడి కులం అడిగే దగ్గర ఎందుకో. అడిగేవాళ్లు సంఘంలోనూ ఉన్నారు, పేర్లు రాయట్లేదు.

టెన్త్ పిల్లలకి సాయంత్రం లెక్కలు చెప్పడానికి కొందరు స్టూడెంట్లు వచ్చారు. వాళ్ల సెమిస్టర్ పరీక్షలు రాగానే ఆగింది. మళ్లీ రమ్మని ఎవరమూ అడగలేదు, తప్పు మాదే. వినాయక నిమజ్జనంలో మాత్రం ఉత్తరాది పిల్లలు మనకన్నా ఎక్కువ ఎగిరారు.

జమాఖర్చుల పుస్తకం గుడి దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం ఆడవాళ్ల మీటింగ్ అయ్యాక, తొమ్మిదిన్నరకి లెక్కలు చదువుతాం, రండి.