వరంగల్‌కి పిల్లల గుండె ఎకో కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను హనుమకొండలో పిల్లల డాక్టర్‌ని. నేను అడిగేది ఒకటే, ముందే చెప్పేస్తాను. పసిపిల్లల గుండె ఎకో (అల్ట్రాసౌండ్‌తో గుండె బొమ్మలు చూసే పరీక్ష) తీయడం ప్రత్యేకంగా నేర్చుకున్న మనిషి ముందు వరంగల్‌లో, ఆ తర్వాత ఉత్తర తెలంగాణలోని ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రోజూ అందుబాటులో ఉండాలి. మిషన్ కోసం టెండర్ పిలిస్తే కొన్ని నెలల్లో వస్తుంది. మనిషి తయారుకావడానికి అంతకన్నా ఎక్కువ టైం పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమని అడుగుతున్నాను.

పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. ఎవరికి మూసుకుపోతుంది, ఎవరికి మందులతో కొన్నాళ్లు ఆగవచ్చు, ఎవరిని ఇవాళే బండెక్కించాలి అన్నది తేల్చేది మాత్రం ఎకోనే. సూది గుచ్చే పని లేదు, రేడియేషన్ లేదు, అవసరమైతే ఒకే రోజు మూడుసార్లు తీసినా బిడ్డకు హాని లేదు.

మరి ఇప్పుడు ఎకోలు తీయట్లేదా అని మీ ఆఫీసర్లు అడగొచ్చు. తీస్తున్నారు. ఎవరు తీస్తున్నారు, ఏ కొలతలతో చూస్తున్నారు అన్నదే నా బాధ.

ఏటూరునాగారం వైపు నుంచి ఒక తల్లి మూడు నెలల పాపను తెచ్చింది. పాలు పట్టగానే పాప నుదురంతా చెమట. రెండు గుక్కలు తాగి ఆగిపోతుంది, ఆయాసపడుతుంది, డొక్కలు ఎగరేస్తుంది. బరువు పెరగడం లేదు. చేతిలో ఉన్న రిపోర్ట్‌లో మాత్రం పంపింగ్ 70 శాతం, నార్మల్ అని ఉంది. పెద్దవాళ్ల గుండెలు చూసే చోట తీసిన రిపోర్ట్ అది. చిల్లు ఉందని రాశారు గానీ అది ఎంత పెద్దదో, రక్తం ఎటు పోతోందో, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎంతుందో ఒక్క ముక్క కూడా లేదు. "గుండె మంచిగనే కొట్టుకుంటున్నదని చెప్పిన్రు సార్, మరి పిల్ల ఎందుకు పెరుగుతలేదు?" అని ఆ తల్లి అడిగింది.

ఆమె అడిగినదాంట్లోనే అసలు విషయం ఉంది సార్. 70 శాతం అంటే ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత బయటికి పోతోందన్న లెక్క. ఆ పోయిన రక్తం ఒంటికి చేరుతోందా, చిల్లులోంచి తిరిగి ఊపిరితిత్తులకే పోతోందా అన్నది ఆ అంకె చెప్పదు. పెద్ద చిల్లు ఉన్న బిడ్డలో గుండె రెట్టింపు పని చేస్తుంటుంది, అంకె చక్కగా కనిపిస్తుంది, బిడ్డ మాత్రం హార్ట్ ఫెయిల్యూర్‌లో ఉంటుంది. ఎడమ పక్క కవాటం బాగా లీక్ అవుతున్నప్పుడూ ఇంతే. అలాంటి బిడ్డలో గదులు ఎంత సాగాయో బిడ్డ ఎత్తు, బరువుతో పోల్చి చూడాలి. దాన్నే మేం జెడ్ స్కోర్ అంటాం, మైనస్ 2 నుంచి ప్లస్ 2 లోపల ఉంటే నార్మల్ కింద లెక్క. ఈ జెడ్ స్కోర్ లేని పిల్లల ఎకో రిపోర్ట్ నాకు సగం రిపోర్టే.

ఇంకో ఉదాహరణ చెప్తాను. గుండె కుడి గది బలం చూడటానికి టాప్సీ అనే కొలత ఉంది. పెద్దవాళ్లలో అది 17 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే గది బలహీనపడిందని అర్థం. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అది 9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదే నార్మల్. పెద్దవాళ్ల లెక్క పెట్టుకుని చూస్తే పుట్టిన ప్రతి బిడ్డ గుండె పాడైనట్టే కనిపిస్తుంది. తండ్రి కొలతలతో పసివాడికి చొక్కా కుట్టినట్టు ఉంటుంది ఆ రిపోర్ట్. పైగా పుట్టిన మొదటి రోజుల్లో కుడివైపు ప్రెషర్ ఎక్కువగా ఉండి రెండు గదుల మధ్య గోడ చదునుగా అవుతుంది కాబట్టి, ఒకే గీత మీద కొలిచే పాత పద్ధతిని అప్పుడు నమ్మలేం, రెండు వైపుల నుంచి బొమ్మలు తీసి గది పరిమాణం లెక్కగట్టాలి. రక్తం పంప్ చేసే కింది గది (జఠరిక) రెండుకు బదులు ఒకటే ఉండి పుట్టిన పిల్లల్లో అయితే ఏ ఫార్ములా సరిగ్గా కుదరదు, అనుభవం ఉన్న కన్ను కావాల్సిందే.

పని చేసే తీరు కూడా వేరు. పసిబిడ్డ గుండె నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది, మిషన్ అంత వేగంగా బొమ్మలు పట్టాలి. పెద్దవాళ్లకు వాడే ప్రోబ్ (ఛాతీ మీద ఆనించి చూసే పరికరం) 2 నుంచి 4 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే, అప్పుడే పుట్టిన బిడ్డకు 8 నుంచి 12 కావాలి, చిన్న చిన్న భాగాలు విడిగా కనపడేది దాంట్లోనే. మేం ముందు బొడ్డుకు పైన, పక్కటెముకల కింద ప్రోబ్ పెట్టి మొదలుపెడతాం, బిడ్డల్లో కాలేయం మీదుగా గుండె మొత్తం శుభ్రంగా కనిపిస్తుంది. జెల్ చల్లగా ఉంటే బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటుంది, ఏడిస్తే ప్రెషర్లు మారిపోతాయి, కొలతలు తప్పుతాయి. అందుకని జెల్ కాస్త వెచ్చబెట్టి, లైటు తగ్గించి, తల్లి పాలిస్తుండగానో బిడ్డ కునుకు తీసే దాకా ఆగో చేసుకోవాలి. ఒక్కో బిడ్డకు ముప్పావుగంట పట్టొచ్చు. బయట పెద్దవాళ్ల లైన్ ఉన్న గదిలో, పది నిమిషాలకో పేషెంట్ చొప్పున చూసే చోట ఇది జరగదు, అక్కడి వాళ్లను తప్పుబట్టి లాభం లేదు.

పుట్టుకతో వచ్చే లోపాల గురించే చెప్తున్నానని అనుకోకండి సార్. మన పల్లెల్లో ఎర్ర తేలు కుట్టిన పిల్లాడు రాత్రిపూట ఒళ్లంతా చెమటలతో, కాళ్లూ చేతులూ చల్లబడి వస్తాడు. ఆ విషం గుండె కండరాన్నే దెబ్బతీయవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ బావస్కర్ ప్రజోసిన్ అనే చవకైన మాత్రతో ఇలాంటి ప్రాణాలు కాపాడి చూపించారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ ఎకో ఎందుకంటే, షాక్‌లో ఉన్నాడని సెలైన్ ఎక్కించాలా, పంపింగ్ పడిపోయింది కాబట్టి సెలైన్ ఆపి గుండెకు బలమిచ్చే మందు పెట్టాలా అన్నది చెయ్యి పట్టుకుని చూస్తే తెలీదు. తప్పుగా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. వానాకాలంలో డెంగ్యూ పిల్లలతోనూ, నెలలు నిండకుండా పుట్టి వెంటిలేటర్ మీదున్న బిడ్డలతోనూ మాకు రోజూ ఇదే టెన్షన్. క్యాన్సర్‌కి డాక్సోరుబిసిన్ ఎక్కించుకునే పిల్లలకు మందుకు ముందూ మధ్యలోనూ ఎకో తప్పనిసరి, కీళ్లవాతం జ్వరం వచ్చిన బడి పిల్లలకూ అంతే.

ఇక దూరం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లకు పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎంజీఎం, గోదావరి అవతలి ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కూడా ఇక్కడికే వస్తారు. ఇక్కడి నుంచి హైదరాబాద్ మరో 150 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వాళ్లకైతే 300. ఆక్సిజన్ మీదున్న బిడ్డను గంట పని కోసం అంత దూరం తిప్పడం ప్రమాదం, కూలి పోగొట్టుకుని, ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి పోవడం తల్లిదండ్రులకు నరకం. కొందరు రిఫర్ చిట్టీ పట్టుకుని ఇంటికెళ్లిపోతారు. వాళ్లే ఏడాదిన్నర తర్వాత పెదాలు నీలంగా మారిన బిడ్డతో తిరిగొస్తారు. పెద్ద చిల్లును అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోతాయి, ఒక దశ దాటాక చిల్లు మూసే ఆపరేషన్ చేయడానికే వీలుండదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, చాలా మంచి పని. ఆ డబ్బు బిడ్డకు అక్కరకు రావాలంటే జబ్బు టైంకి తేలాలి కదా సార్.

గుర్తించే వ్యవస్థ మనకు ఉంది. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) టీమ్‌లు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి గుండె చప్పుడు తేడాగా ఉన్న పిల్లల్ని పట్టుకుంటున్నాయి. ప్రతి కాన్పుల వార్డులో పుట్టిన 24 గంటలకు బిడ్డ కుడి చేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూసే అలవాటు కూడా తప్పనిసరి చేయండి. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గితే అప్పుడే ఎకో, 95 లోపున్నా, చెయ్యికీ కాలికీ 3 కన్నా ఎక్కువ తేడా ఉన్నా గంటకోసారి మళ్లీ చూడటం, అప్పటికీ తేడాగానే ఉంటే ఎకో. అయిదు నిమిషాల పని అది. కానీ అలా దొరికిన బిడ్డకు ఎకో తీసేవాళ్లు లేకపోతే ఈ పట్టుకోవడమంతా ఎందుకు?

ఎలా చేయవచ్చో కూడా చెప్తాను. వరంగల్, ఆదిలాబాద్, మహబూబాబాద్, మంచిర్యాల, ఆసిఫాబాద్, భూపాలపల్లి, ములుగు కాలేజీల నుంచి పిల్లల డాక్టర్లను ఎంపిక చేసి, పిల్లల గుండె విభాగం బాగా నడుస్తున్న చోటికి జీతంతో శిక్షణకు పంపండి. తిరిగొచ్చాక అదే పనిలో ఉంచండి, దయచేసి వేరే డ్యూటీకి మార్చకండి. 2011లో అమెరికా, యూరప్ నిపుణులు కలిసి రాసిన మార్గదర్శకాల్లోనే ఉంది, వార్డు డాక్టర్ గుండె పనితీరును మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు గానీ, లోపం ఉందేమో చూసే మొదటి పూర్తి ఎకోను పిల్లల గుండె నిపుణులు చదవాలని. ఆ నిపుణుడు ప్రతి జిల్లాలో దొరకడు, ఒప్పుకుంటాను. ఇక్కడ తీసిన వీడియోలు హైదరాబాద్‌కి పంపి అదే రోజు చదివించే ఏర్పాటు చేస్తే చాలు.

చట్టం సంగతి కూడా ఒకటుంది. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్ మిషన్లు నమోదు కావాలి. ఆడపిల్లల కోసం తెచ్చిన చట్టం అది, దాన్ని సడలించమని అడగను. నవజాత శిశువుల వార్డు కోసం కొన్న ఎకో మిషన్ నమోదు కాగితాలు మాత్రం ఏ టేబుల్ మీదా ఆగకుండా చూడమని జిల్లా అధికారులకు చెప్పండి. వరంగల్‌లోని పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన చేసిన ఆసుపత్రిలో పిల్లల ఎకో గదిని నవజాత శిశువుల వార్డు పక్కనే పెట్టించండి, వెంటిలేటర్ మీదున్న బిడ్డను లిఫ్ట్‌లో తిప్పే పని ఉండదు.

ఈలోపు వెంటనే చేయగలిగింది ఒకటుంది. ఏ జిల్లాలో, ఏ ఆసుపత్రిలో, ఏ ఏ రోజుల్లో పిల్లలకు ఎకో తీస్తున్నారో ఒక లిస్ట్ పెట్టి ఆశాలకూ ఏఎన్ఎంలకూ 108 వాళ్లకూ పంపించండి. శిక్షణకు వెళ్లే మొదటి బ్యాచ్ తేదీ కూడా చెప్పండి సార్, పేర్లు ఇవ్వడానికి ఇక్కడ డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక పిల్లల డాక్టర్,
హనుమకొండ