మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పిల్లల ఆరోగ్యం, మత్తు నివారణ శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం. పోయినేడాది సర్వసభ్య సమావేశంలో అందరూ ఒక్కమాట మీద అన్నది ఒకటే, నిజామాబాద్‌లో పిల్లలు మత్తుకు అలవాటు పడుతున్నారు, ముందు ఆ సంగతి చూడండి అని. అందుకే ఈ ఏడాది మోరీలు, వీధిదీపాల పనులు ఎప్పట్లాగే నడిపిస్తూ, సంఘం సమయంలోనూ డబ్బులోనూ ఎక్కువ భాగం సోషల్ వర్క్ శిక్షణకే పెట్టాం. జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంపుతున్నారు. ఇక్కడ పని గురించే రాస్తున్నాను.

శిక్షణకు కూర్చున్నవాళ్లు సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదువుతున్న మన పిల్లలు, రిటైరైన టీచర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల అక్కలు. క్యాన్సర్ ఫొటోలు, జైలు ఫొటోలు చూపిస్తే పిల్లలు భయపడి మత్తు దగ్గరికే పోరు కదా అని మొదటి రోజే చాలామంది అడిగారు. నేర్పడానికి వచ్చిన సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఒప్పుకోలేదు. భయపెట్టే ఉపన్యాసాలు, మత్తు మానేసినవాళ్లను స్టేజీ ఎక్కించి కథ చెప్పించడం నివారణకు పనికిరావని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన ప్రమాణాలే చెబుతున్నాయి. దోస్తులు బలవంతపెడితే ఎలా తప్పుకోవాలి, కోపం వస్తే ఏం చేయాలి అనేవి పిల్లలతో మళ్లీమళ్లీ సాధన చేయించడం, ఇంట్లో పెద్దవాళ్లు పట్టించుకోవడం, పనిచేసేవి ఇవి. మత్తు వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీయడం తప్పని నేను అనను గానీ, ర్యాలీతో పని అయిపోయిందనుకుంటే మాత్రం ఒప్పుకోను.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది మాట్లాడటం నేర్చుకోవడానికి. ఒకరు పిల్లవాడిగా, ఒకరు సోషల్ వర్కర్‌గా కూర్చుని చేసే రోల్‌ప్లేలో ఒక అక్క కూర్చోగానే "గంజాయి తాగుతున్నవా లేదా, నిజం చెప్పు" అని అడిగింది. ఎదురుగా ఉన్న అబ్బాయి నటిస్తున్నా సరే తల దించుకుని నోరు మూసేశాడు. అదే అక్క మళ్లీ మొదలుపెట్టి, ఇంట్లో ఎవరెవరుంటారు, నాయిన గల్ఫ్‌లో ఉన్నడా, రాత్రి ఎన్నింటికి పడుకుంటవ్, బడి ఎట్లుంది, సాయంత్రం ఎవరితో తిరుగుతవ్ అని ఒక్కో మెట్టు అడుగుతూ పోతే, మత్తు మాట వాడే ఎత్తాడు. హెడ్స్ అనే పద్ధతి ఇదే, ఇంటితో మొదలుపెట్టి కష్టమైన ప్రశ్నలను చివరికి పెట్టడం. ఇంకో షరతు కూడా ఉంది. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా నిన్ను లైంగికంగా వేధిస్తున్నా దాచలేను అని మొదటే చెప్పేయాలి, ఎందుకంటే పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి.

మత్తు నివారణ అని పేరు పెట్టుకుని రక్తహీనత గురించి ఎందుకు చెబుతున్నారని కొందరు సభ్యులు అడిగారు. 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మత్తు, పోషకాహారం, మానసిక ఆరోగ్యం అన్నీ కలిపే ఉన్నాయి, ఎందుకంటే ఈ కష్టాలన్నీ పడేది ఒకే పిల్ల. మన బస్తీల్లో బడి నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడపిల్లలున్నారు, తంబాకు దుమ్ము ఇంట్లోనే, నిద్ర తక్కువ, తిండి అంతంతమాత్రం. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్క. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీ ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది, దాంతో పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోమని, వెంటనే చాయ్ తాగొద్దని, దొడ్డికి నల్లగా అయితే భయపడొద్దని చెప్తే సరిపోతుంది. ఇంత చిన్న మాట చెప్పేవాళ్లు లేకనే ఎన్ని గోలీలు చెత్తబుట్టలో పడుతున్నాయో.

గంజాయి గురించే అందరూ మాట్లాడతారు గానీ, చిన్నపిల్లల విషయంలో పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చడం కూడా గట్టిగా చూడాలి. పెద్దల కంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు అదొక్కటేనని 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే చెప్పింది, పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. చేతిరుమాలుకు, బట్టలకు రసాయనం వాసన, మూతి చుట్టూ పొక్కులు కనిపిస్తే కొట్టకండి, కూర్చోబెట్టి మాట్లాడండి.

కల్లు సంగతి మన జిల్లాకు విడిగా చెప్పాలి. ఆల్‌ప్రాజోలం, డైజిపాం అనే నిద్రమత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు మన జిల్లాలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ జనం ఆసుపత్రులకు ఎలా పరుగెత్తారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పిస్తాం అనొద్దు, డాక్టరు దగ్గరికే తీసుకుపోవాలి.

బడి ప్రహరీ నుంచి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 పొగాకు నియంత్రణ చట్టం. మనవాళ్లు టేపు పట్టుకుని కొలిస్తే ఆ లోపలే పాన్‌డబ్బాలు తేలాయి. కొందరు మాటతోనే సర్దుకున్నారు, మిగతావాళ్ల మీద ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా తిరుగుతున్నాం. పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకు బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉందని దుకాణాల్లో కాగితం అంటించాం. పట్టుబడ్డ పిల్లవాడిని దొంగలా చూడటం మాత్రం మన పని కాదు. తక్కువ మోతాదు కేసుల్లో తమంతట తాము చికిత్సకు వచ్చేవాళ్లకు మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే 64ఎ సెక్షన్ కింద మినహాయింపు ఉంది.

ఈ నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి: మత్తు మానడానికి సలహా 14446, మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416, పిల్లల ఆపద 1098, గంజాయి అమ్మేవాళ్ల సమాచారం 1908.

వచ్చే ఏడాదికి కావాల్సింది రెండు. ఒకటి, కమ్యూనిటీ హాలు వెనక గది సాయంత్రాలు పిల్లలతో మాట్లాడటానికి ఖాళీగా ఉంచాలి, అక్కడ కుర్చీలు, టెంట్ సామాను పెట్టుకున్నవాళ్లు దయచేసి తీసేయండి. రెండు, బీడీలు చేసే ఇళ్ల తల్లులతో మాట్లాడటానికి మగవాళ్లు పోతే లాభం లేదు, కాబట్టి మధ్యాహ్నం పూట వీలున్న అక్కలు, వదినలు కార్యదర్శికి పేర్లివ్వండి.