మౌస్ నొక్కితే నాడి దొరకదు, మంత్రిగారూ

కర్ణాటక వైద్య విద్యా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను బెంగళూరులో పదకొండేళ్లుగా నర్సింగ్ ట్యూటర్‌ని. మా పిల్లలకు రోగి బదులు కంప్యూటర్ తెర మీద నేర్పే పాఠాల గురించే ఈ ఉత్తరం. మాది అనంతపురం. కన్నడం బాగానే మాట్లాడతాను, బస్సు బోర్డులు గడగడా చదువుతాను, కానీ మంత్రికి ఉత్తరం రాసేంత కన్నడం నాకు లేదు. పైగా సీమ నుంచి ఆడపిల్లల్ని తెచ్చి ఇక్కడ బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చి, ఫీజులు కట్టి, రాత్రి కాగానే ఫోన్లో "తిన్నావా" అని అడిగే అమ్మానాన్నలు కూడా ఇది చదవాలని నా ఆశ. అందుకే తెలుగులో.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కాలేజీ సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు. రెండో ఏడాది పిల్లలకు ఆ నెల మెడికల్ వార్డు పోస్టింగ్. ఆసుపత్రిలో రోగుల కంటే మా పిల్లలే ఎక్కువ. నర్సింగ్ చదువుకు నియమాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి. మాకేమో ఒక్క రోగి చుట్టూ నలుగురు పిల్లలు. దాంతో సగం మందిని కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తెర మీద వర్చువల్ పేషెంట్‌ని, అంటే కంప్యూటర్‌లో తయారుచేసిన ఉత్తుత్తి రోగిని చూపించి, నెలాఖరుకి ఆ గంటలన్నీ లాగ్‌బుక్‌లో వార్డు గంటలుగా రాయించారు. కింద సంతకం పెట్టింది నేనే. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయికి కంప్యూటర్ నూటికి తొంభై రెండు వేసింది. తర్వాతి నెల వార్డులో అదే అమ్మాయి ఒక ముసలాయన చేయి పట్టుకుని నాడి దొరక్క రెండు నిమిషాలు వెతికింది. చేయి చల్లగా ఉంది, వణుకుతోంది. తెర మీదైతే నాడి ఒక మూల అంకెగా కనిపిస్తుంది కదా! చివరికి ఆయనే "సుస్తాగ్తిదె సిస్టర్" అన్నాడు. మా పిల్ల జ్వరమనుకుని థర్మామీటర్ కోసం పరుగెత్తింది. మనకు సుస్తీ అంటే ఒంట్లో బాగాలేకపోవడం. కన్నడంలో సుస్తు అంటే నీరసం. అంతకుముందు నెలంతా తను చూసిన వర్చువల్ పేషెంట్ అమెరికా ఇంగ్లీషు మాట్లాడేవాడు. గుండెలో నొప్పి, అది ఎడమ చేతిలోకి పాకడం, ఎంతసేపటి నుంచి, అన్నీ పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పేవాడు. ఏ కోలారు రైతు అలా చెబుతాడండీ?

అలాగని కంప్యూటర్ పాఠాలు వద్దని నేను అనడం లేదు. అసలు మనిషి దగ్గరికి వెళ్లేముందు వేరేదాని మీద నేర్చుకోవడం నర్సులకు కొత్తేమీ కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రికి 1911లోనే మిసెస్ చేజ్ అనే నిలువెత్తు బొమ్మ వచ్చింది. మంచం మీద రోగిని పక్కకు తిప్పడం, బట్టలు తొడగడం దాని మీదే నేర్పారు. కొన్ని సంగతులు తెర మీదే బాగా వస్తాయి కూడా. కాన్పు తర్వాత రక్తస్రావం చూడండి. 500 మిల్లీలీటర్లకు చేరితే కంగారు పడాలి. కానీ గుడ్డలూ దుప్పట్లూ పీల్చుకున్న రక్తాన్ని కళ్లతో అంచనా వేస్తే తక్కువగానే అనిపిస్తుంది. నిజంగా అలాంటి కేసు వస్తే విద్యార్థిని ముందు పక్కకు జరగమంటారు, అనాలి కూడా. తెర మీద మాత్రం డ్యూటీ సిస్టర్ తనే. గర్భసంచి మెత్తగా ఉందో గట్టిపడిందో చూసుకోవాలి, మర్దన మొదలుపెట్టాలి, డాక్టర్‌ని పిలవాలి, గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ సిద్ధం చేయాలి. ఆలస్యమైతే బీపీ పడిపోతుంది, తల్లి దక్కదు. మళ్లీ మొదటి నుంచి చేయాలి. పెన్సిలిన్ పడక ఊపిరాడని రోగి విషయమూ అంతే. అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ కండలో ఇవ్వాలని పదిసార్లు చదివిన పిల్ల కూడా టెన్షన్‌లో నరం కోసం వెతుకుతూ ఉండిపోతుంది. ఆ పొరపాటేదో అక్కడ చేసేస్తే మంచిది.

అమెరికాలో పది నర్సింగ్ కోర్సుల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. రోగుల దగ్గర గడపాల్సిన క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో, అంటే అసలు రోగి లేకుండా చేసే సాధనతో నింపినా పిల్లల నేర్పులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేలింది. మేనేజ్‌మెంట్లు ఈ ఒక్క ముక్కే పట్టుకుంటున్నాయి. అక్కడ వాడింది ఒట్టి కంప్యూటర్లు కాదు. బొమ్మలున్నాయి, రోగుల్లా నటించే మనుషులున్నారు. కేసు అయిపోయాక శిక్షణ పొందిన టీచర్లు పిల్లలతో కూర్చుని "అప్పుడేమనుకున్నావు, అక్కడెందుకు ఆగావు" అని మాట్లాడించారు. దాన్ని డీబ్రీఫింగ్ అంటాం. మా ల్యాబ్‌లో అరవై మందికి ఒక కంప్యూటర్ ఆపరేటర్ ఉండేవాడు. పాపం, ఆయన నర్సు కూడా కాదు.

అందుకని అడుగుతున్నాను. లాగ్‌బుక్‌లో తెర ముందు గంటలకు ఒక గడి, బొమ్మ మీద గంటలకు ఒకటి, రోగి దగ్గర గంటలకు ఒకటి, ఇలా విడివిడిగా పెట్టించండి. ఇక్కడి నర్సింగ్ కాలేజీలకు గుర్తింపునిచ్చే రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే అయిపోయే పని ఇది. తనిఖీకి వచ్చేవాళ్లు కంప్యూటర్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోకుండా, ఒక్క డీబ్రీఫింగ్ అయినా కూర్చుని చూడాలి. చిన్న కాలేజీలకు మంచి ల్యాబ్ పెట్టుకునే స్తోమత ఉండదు. విక్టోరియా, వాణీ విలాస్ ప్రభుత్వాసుపత్రుల దగ్గర అందరికీ కలిపి ఒకటి పెట్టిస్తే, పొద్దున తెర మీద చేసిన కేసు లాంటిదే మధ్యాహ్నం వార్డులో చూపించొచ్చు.

ఇక భాష. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఇంత సాఫ్ట్‌వేర్ ఉన్న ఊళ్లో కన్నడంలో, దక్కనీ ఉర్దూలో, తమిళంలో, తెలుగులో మూలిగే వర్చువల్ పేషెంట్లను తయారుచేయించలేమా? ఏ ఊరివాళ్లు ఏ నొప్పికి ఏ మాట వాడతారో వార్డుల్లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన సిస్టర్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్లను పిలిపించి కేసులు రాయించండి. తెలుగు కేసులకు నేనొస్తాను. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఆదివారం నాకు సెలవే.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్,
కె.ఆర్.పురం, బెంగళూరు