గర్భసంచి జోలికి పోకుండా దారి చూపినవాళ్లందరికీ మా కృతజ్ఞతలు

నెలసరి ఆగే వయసు ఆడవాళ్ల కోసం మా మండల మహిళా సమాఖ్య పెట్టుకున్న ఆరోగ్య తరగతులు ఈ వారంతో ముగిశాయి. వచ్చి చెప్పినవాళ్లెవరూ రూపాయి తీసుకోలేదు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. శాలువాలు కప్పే బదులు వాళ్లు చెప్పిన సంగతులు ఇక్కడ పెడుతున్నాం. కూలి పోతుందని రాలేకపోయినవాళ్లకు అక్కరకొస్తాయి.

మొదటి దండం ఏరియా ఆసుపత్రి గైనకాలజిస్టు మేడంగారికి. నలభై దాటిన మనిషి నెలసరి గాడి తప్పిందని ఆసుపత్రికి వెళితే మన వైపు చాలాసార్లు వినపడే మాట "తీసేద్దాం". 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులో ఏముందో మాకు అర్థమయ్యే భాషలో చెప్పింది మేడంగారే.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు ఆమె దగ్గరుండి రాయించారు. రక్తస్రావం ఎందుకవుతోందో తేల్చారా? గడ్డ ఉంటే ఎన్ని సెంటీమీటర్లు, గర్భసంచిలో ఏ వైపు? 45 దాటినవాళ్లకైతే లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా? మందులు వాడి చూశారా? అండాశయాలు ఉంచుతారా, వాటినీ తీసేస్తారా? ఈ చివరిది దాదాపు ఎవరూ అడగరు. ప్రాణం మీదికి తెచ్చేది అదే. మామూలుగా కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను, అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లోంచి వేడి ఆవిర్లు తీవ్రంగా వస్తాయి, ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి. చిన్న వయసులో రెండు అండాశయాలూ తీయించుకున్నవాళ్లు, వాడకూడని కారణం లేకపోతే, సహజంగా ముట్లాగే వయసు దాకా హార్మోను వాడటం మేలని ఆమె చెప్పారు. ముప్పై ఐదేళ్లకే ఆపరేషనై ఏ మందూ లేకుండా ఉన్నవాళ్లు ఒక్కసారి వెళ్లి చూపించుకోండి.

స్కానింగ్ రిపోర్టులో "బల్కీ యుటెరస్" అని కనిపిస్తే కంగారు పడొద్దు. పిల్లల్ని కన్న గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం మామూలే. తెల్లబట్ట, నడుంనొప్పి, "ముఖద్వారం దగ్గర పుండు" అనేవి గర్భసంచి తీయడానికి కారణాలు కావు. గర్భసంచి ముఖద్వారం ఎర్రగా ఉంటే, అక్కడ కేన్సర్ ముప్పు ఉందేమో చూసే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయాలి. ఆ పుండే రేపు కేన్సర్ అవుతుందని భయపెట్టి ఆపరేషన్ చేస్తామంటే ఇంకో డాక్టరుకు చూపించుకోవాలి. అలాగని ఆపరేషనే వద్దని మేడంగారు అనలేదు. కేన్సర్, మందులకు లొంగని పెద్ద గడ్డలు, బాగా కిందికి జారిన గర్భసంచి ఉంటే చేయించుకోవాల్సిందే.

నెలసరి ఎక్కువవుతున్నవాళ్లకు ట్రనెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్రలు సాధారణంగా రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు రాస్తారు. రక్తం ఎక్కువ పోయే రోజుల్లోనే, నాలుగైదు రోజులకు మించకుండా వేసుకోవాలి. రోజుకొక మాత్ర నెలంతా మింగి "పని చేయలేదు" అనేవాళ్లే ఎక్కువట. కాళ్ల రక్తనాళాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ఆ మాత్ర వేసుకోకూడదు. ఇంకోటి, 52 మి.గ్రా. హార్మోను ఉండే లూప్. ఇది గర్భసంచి లోపొరను పల్చబరుస్తుంది. పెట్టాక మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపిస్తుంది. అది ముందే చెప్పకపోవడం వల్ల రెండో నెలలోనే తీయించేసుకుంటున్నారు. ఓపిక పడితే చాలామందికి రక్తస్రావం బాగా తగ్గిపోతుంది.

ఈ పోస్టులో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే, ఇది గుర్తుంచుకోండి. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతేనే ముట్లు ఆగినట్టు. ఆ తర్వాత చుక్క రక్తం కనిపించినా ఆ వారమే డాక్టరుకు చూపించాలి. స్కానింగులో లోపొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్ష తప్పదు. దాటకపోయినా రక్తం మళ్లీ మళ్లీ కనిపిస్తే పరీక్ష చేయమని అడగాలి. "మళ్లీ వయసొచ్చిందే" అని నవ్వుకుని వదిలేసే సంగతి కాదిది.

ఒంట్లోంచి ఆవిర్లు ఎందుకొస్తాయో కూడా మేడంగారే విడమర్చారు. ఒంటి వేడిని చూసుకునే భాగం మెదడులో ఒకటుంది. ఈస్ట్రోజెన్ తగ్గాక అది మరీ సున్నితమైపోతుంది. వేడి కాస్త పెరిగినా కొంపలంటుకున్నట్టు చర్మం కింది రక్తనాళాలన్నీ విప్పేసి చెమట పట్టించేస్తుంది. ముఖం, మెడ, ఛాతీ భగ్గుమంటాయి, గుండె దడదడలాడుతుంది, ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. మనం "వేడి చేసింది" అని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతాం. తాగండి, నష్టం లేదు, అయితే తినే తిండి వల్ల వచ్చిన వేడి కాదది. ఇవే లక్షణాలు థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ పడిపోయినా వస్తాయి. రాత్రి చెమటలతోపాటు రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి.

మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగిపోతాయి. 45 దాటి, నెలసరి తప్పుతూ ఆవిర్లు వస్తుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను రక్తపరీక్ష అక్కర్లేదు, ఆ అంకె ఒక నెల ఒకలా ఇంకో నెల ఇంకోలా వస్తుంది. హిమోగ్లోబిన్, షుగర్, బీపీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కొలెస్ట్రాల్ చూస్తే చాలు. వేలకు వేలు పోసి ల్యాబ్ ప్యాకేజీలు కొనొద్దు. నలభై లోపే ఆగిపోయినవాళ్లు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు ఎఫ్‌ఎస్‌హెచ్ చేయించుకోవాలి.

హార్మోను చికిత్స అనగానే కేన్సర్ అనే భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనం. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. ఆవిర్లతో నిద్రలేని 48 ఏళ్ల మనిషికి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. 60 లోపు, లేదా ముట్లాగిన పదేళ్ల లోపు మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువ. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ అనే రెండు హార్మోన్లూ ఏళ్ల తరబడి వాడితే రొమ్ము కేన్సర్ ముప్పు కొద్దిగా పెరిగే మాట నిజమే, అదీ దాచకుండా చెప్పారు. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు, లివర్ జబ్బు ముదిరినవాళ్లు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు వాడకూడదు.

వాడేవాళ్లకు ఈస్ట్రోజెన్ జెల్ అయితే మాత్రకంటే నయం, గడ్డకట్టే భయం తక్కువ. 2.5 గ్రాముల జెల్‌లో 1.5 మి.గ్రా. ఎస్ట్రాడియోల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) ఉంటుంది. చేతికో తొడకో రాసుకుని ఆరేదాకా బట్ట తగలనివ్వకూడదు. రొమ్ముల మీద రాయకూడదు. రాసిన చోట మనవళ్లు, మనవరాళ్ల ఒళ్లు తగలకుండా చూసుకోవాలి. గర్భసంచి ఉన్నవాళ్లు దీంతోపాటు ప్రొజెస్టరోన్ వేసుకోవాల్సిందే. రోజూ రాత్రి 100 మి.గ్రా., లేదా నెలలో 12 రోజులు 200 మి.గ్రా., ఏదైనా డాక్టరు రాసినట్టు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపొర మందమెక్కి కేన్సర్‌కు దారి తీయొచ్చు. ప్రొజెస్టరోన్ మాత్ర మత్తుగా ఉంటుంది కాబట్టి పడుకునేముందే వేసుకోవాలి. పొద్దున వేసుకుని కళ్లు తిరుగుతున్నాయని మానేయడం, జెల్ మాత్రం రాసుకుంటూ ఉండటం, ఇదే పెద్ద ప్రమాదమట.

మెడికల్ షాపు తమ్ముడికి ప్రత్యేకంగా రుణపడ్డాం. హార్మోను పడనివాళ్లకు డాక్టర్లు వెన్లాఫాక్సిన్ 37.5 మి.గ్రా. తోనో, రాత్రిపూట గబాపెంటిన్ 300 మి.గ్రా. తోనో మొదలుపెడతారు. చీటీ చూసి "పిచ్చి మాత్రలు రాశారు" అని ఇంట్లోవాళ్లు పారేయించిన సందర్భాలున్నాయి. అవి ఆవిర్లకు కూడా పని చేస్తాయని, వాటిని ఉన్నట్టుండి ఆపకూడదని ఆ తమ్ముడే అత్తలకు, భర్తలకు కూర్చోబెట్టి చెప్పాడు. రొమ్ము కేన్సర్‌కు టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఇలాంటిదే అయిన పరోక్సెటిన్ మాత్ర వేసుకోకూడదు, అది టామాక్సిఫెన్ పనితనం తగ్గిస్తుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లాం వారానికొకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. పాలల్లో కలుపుకునేది కదా అని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీద పడుతుంది. ఇది తెలియక తాగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారని అతనే అన్నాడు.

మగవాళ్లను బయటికి పంపి తలుపేసి మాట్లాడిన స్టాఫ్ నర్సు అక్కకు. యోని పొడిబారడం, కలయికలో మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇవి ఆవిర్లలా వాటంతటవి తగ్గవు, వదిలేస్తే పెరుగుతాయి. యోనిలో పెట్టుకునే ఈస్ట్రియాల్ (ఇదీ ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీము అర గ్రాము చొప్పున మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. పూర్తి ఫలితం తెలియడానికి పన్నెండు వారాల దాకా పట్టొచ్చు. మానేస్తే మళ్లీ మొదలవుతుంది. లోపల సబ్బు, డెట్టాల్ పెట్టి కడగొద్దు. మిరపకోతల నుంచి వచ్చినరోజు ముందు చేతులకు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగి అప్పుడు క్రీము ముట్టుకోండి. కారం నీళ్లతో వదలదు. నర్సక్క ఈ మాట అన్నప్పుడు హాలంతా ఒకటే నవ్వు, అనుభవం ఎవరికుందో మేం రాయం.

చేలల్లో మరుగు లేక నీళ్లు తాగడం మానేసి జబ్బు తెచ్చుకుంటున్నాం అన్నందుకు, చేను గట్టున పట్టా కట్టి మరుగు చేయించి, నీళ్ల డ్రమ్ము పెట్టించిన రైతులకూ మేస్త్రీలకూ దండాలు. మిగతా రైతులు కూడా చూసి నేర్చుకుంటే బాగుండు.

దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయేవాళ్లకు ఫిజియోథెరపిస్టు అమ్మాయి నేర్పింది ఇది. గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్నే లోపలికి, పైకి బిగించాలి. మొదట మూడు లెక్కపెట్టేదాకా, అలవాటయ్యాక పది దాకా. ఎంతసేపు బిగించారో, తర్వాత అంతసేపు వదిలేసి ఉండాలి. పది సార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. పొట్ట బిగించడం, ఊపిరి బిగపట్టడం, పిర్రలు నొక్కడం, ఈ మూడూ చేస్తే ఫలితం ఉండదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే సాధన చేయొద్దు. బరువెత్తేముందు ఒకసారి బిగించి ఎత్తాలి.

పోషకాహారం గురించి చెప్పిన మేడంగారు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలే చెప్పారు. ముట్లాగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 364 మి.గ్రా., వంద గ్రాముల మునగాకులో మూడొందల పైన, వంద మిల్లీలీటర్ల పాలలో 120 దాకా ఉంటుంది. మాత్ర డబ్బా మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అసలు కాల్షియం 500 మాత్రమే. అన్నం తిన్నాక వేసుకోవాలి. ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. మూడూ పరగడుపున ఒకే గుక్కలో మింగేవాళ్లకు ఏదీ సరిగా ఒంటబట్టదు.

దిగులు, ఊరికే కోపం, చచ్చిపోవాలనిపించడం దాకా వెళ్లినవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416 గోడ మీద రాయించిన ఆశా కార్యకర్తకు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తెలంగాణలో ఉన్న మన ఆడపడుచులు పీహెచ్‌సీలో "ఆరోగ్య మహిళ" అనే ఆడవాళ్ల వైద్య పథకం గురించి అడగండి. 2023 మార్చి 8న అది మొదలైనప్పుడు మంగళవారాల సేవల్లో మెనోపాజ్ (ముట్లాగడం) చికిత్సనూ చేర్చారు.

చివరగా, డబ్బు తీసుకోకుండా కాగితాలు తీసిచ్చిన జిరాక్సు షాపు అన్నకు. ఆ కాగితంలో ఐదు గళ్లున్నాయి: తేదీ, మార్చిన ప్యాడ్లు, ఆవిర్లు ఎన్నిసార్లు, నిద్ర ఎన్ని గంటలు, వేసుకున్న మందు. మూడు నెలలు నింపి పట్టుకెళితే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది. చదువు రానివాళ్లు గీతలు గీసినా సరిపోతుంది. ఖాళీ కాగితాలు సమాఖ్య ఆఫీసులో, అంగన్‌వాడీలో ఉన్నాయి.