చందమామ సీరియళ్లు రాసినాయన పేరు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాత చందమామ సీరియళ్ల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ‘మాయాసరోవరం’ సిద్ధసాధకుణ్ణి, ‘రాకాసిలోయ’ బ్రహ్మదండి మాంత్రికుణ్ణి తలుచుకున్నారు, బొమ్మలేసిన చిత్రా గారిని మెచ్చుకున్నారు. అంతా బాగుంది. కానీ వ్యాసం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా ఆ సీరియళ్లు రాసినాయన పేరు లేదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం.

తప్పంతా మీదే అనను. ఈ అలవాటు చందమామ నుంచే వచ్చింది. గుంటూరు జిల్లాకు చెందిన సుబ్రహ్మణ్యం గారు 1952లో మద్రాసు వెళ్లి ఆ పత్రికలో చేరారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా మొత్తం పన్నెండు సీరియళ్లు రాశారు. అవి తెలుగుతో ఆగకుండా హిందీ, తమిళం వగైరా చందమామల్లోనూ వచ్చాయి. ఏ నెల సంచికైనా తీసి చూడండి. పైన బ్రాకెట్లలో జరిగిన కథ, కింద ‘ఇంకా ఉంది’, బొమ్మ మూలన చిత్రా సంతకం. రచయిత పేరు మాత్రం ఉండదు.

ఆఫీసులో ఉద్యోగులు రాసిన వాటికి పేరు వేయకపోవడం అక్కడి పద్ధతి. బయటి నుంచి కథ పంపిన వాళ్ల పేరు మాత్రం వేసేవారు. ఆ మాటకొస్తే 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా సంపాదకుడిగా కనిపించేది కాదు, అక్కడ చాలాకాలం పత్రిక స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి పేరు ఉండేది. (ఇద్దరూ మా తెనాలి వాళ్లే కాబట్టి నేను ఎవరి పక్షమూ తీసుకోను.) ఉద్యోగం, జీతం, పత్రిక ముఖ్యం, మనిషి కాదు. అప్పటి వాళ్లకు అది తప్పుగా తోచి ఉండకపోవచ్చు.

దాని ఫలితం మాత్రం మనం ఇప్పుడు చూస్తున్నాం. ఈ కథలన్నీ ఏ తాతల నాటి నుంచో వస్తున్న జానపద కథలనే చాలామంది అనుకుంటున్నారు. ‘ముగ్గురు మాంత్రికులు’లో అరేబియన్ నైట్స్ ఛాయలు ఉన్న మాట నిజమే. కానీ ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు ఏ పురాణంలోంచి వచ్చారు? నెలనెలా ఒక మనిషి బల్ల ముందు కూర్చుని, పోయిన నెల హీరోను ఏ ఆపదలో వదిలేశాడో గుర్తుపెట్టుకుని, కొత్త ఆపద అల్లితే పుట్టిన మనుషులు వాళ్లు. దాదాపు పాతికేళ్లు ఆ పని చేసినాయనకు ‘అజ్ఞాత రచయిత’ అన్న మాట కూడా దక్కలేదు. అసలు రచయిత ఒకడున్నాడన్న ఊహే పాఠకుడికి రాలేదు.

బ్రిటన్‌లో పీటర్ పాన్ అనే పిల్లల నాటకం సంగతి చూడండి. దాన్ని రాసిన జె.ఎం. బారీ 1929లో ఆ రచన హక్కుల్ని లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. 1987 చివరికి కాపీరైట్ గడువు తీరిపోతే, మరుసటి ఏడాదే అక్కడి పార్లమెంటు ప్రత్యేకంగా చట్టంలో చోటు కల్పించి, బ్రిటన్‌లో వచ్చే రాయల్టీ ఎప్పటికీ ఆసుపత్రికే అందేలా చేసింది. మన దగ్గర రాయల్టీ దాకా ఎందుకు, పేరుకే దిక్కు లేదు.

సుబ్రహ్మణ్యం గారు 2010 జనవరిలో కన్నుమూశారు. కొందరు అభిమానులు పూనుకుని ఆయన పేరుతో కొన్ని సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ అభిమానుల ఓపిక మీదే ఎంతకాలం నడుస్తుంది? చందమామే ఆగిపోయింది. యూట్యూబ్‌లో ఈ సీరియళ్లు చదివి వినిపించే వాళ్లు ‘చందమామ కథ’ అని ఊరుకుంటున్నారు.

మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వేస్తున్నారు. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయాల్లో పాత చందమామ సంపుటాలు బైండు చేయించి పెట్టొచ్చు. ఏ సీరియల్ ఎవరు రాశారో, ఏ ఏడాది వచ్చిందో క్యాటలాగులో రాయించొచ్చు. పాఠ్యపుస్తకాల కమిటీలు ఒక తరగతి తెలుగు వాచకంలో ఆయన సీరియల్ నుంచి ఒక భాగాన్ని, హక్కుదారుల అనుమతి తీసుకుని, పాఠంగా పెట్టొచ్చు. కవి పరిచయం వేసే చోటే ఆయన పరిచయమూ నాలుగు వాక్యాల్లో వేయొచ్చు. వీటికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మీ వంతుగా వచ్చే ఆదివారం సంచికలో ఆ వ్యాసానికి సవరణగా ఆయన పేరు, వీలైతే పన్నెండు సీరియళ్ల పేర్లు ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి